చెవులకు నూడుల్స్, చెవిలో పువ్వులు

రష్యన్ జాతీయాలను ఇంగ్లీషులోకి ఎలా తేవాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాలను ఈ సంచిక కోసం విడిగా తీసి పెట్టుకున్నాను. ఎనభైల్లో విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు సోవియట్ ఇంజనీర్లకూ మనవాళ్లకూ మధ్య దుబాసీగా పనిచేశాను. ఆ తర్వాత ఒప్పంద పత్రాలు, కథలు, వైద్య నివేదికలు, ఏది వస్తే అది రష్యన్ నుంచి ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చాను. ఈ పనిమీద నాకున్న మమకారం జవాబుల్లో కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. రష్యన్ సీరియళ్లకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. అర్ధరాత్రి ఇంటికి వచ్చి ఏదో సాకు చెబుతున్న భర్తతో భార్య 'నే వేషయ్ మ్నే లప్షూ నా ఊషి' అంటుంది. అక్షరాలా చూస్తే 'నా చెవులకు నూడుల్స్ వేలాడదీయకు' అని. కంప్యూటర్ అలాగే అనువదించింది. మా సీనియర్ దాన్ని కొట్టేసి 'డోంట్ పుల్ మై లెగ్' అని రాశారు. ఏది సరైనది?
— సబ్‌టైటిల్ రచయిత్రి, తార్నాక

జవాబు: రెండూ వద్దమ్మా. మొదటిది చదివిన ప్రేక్షకుడు దంపతుల గొడవ మరిచిపోయి నూడుల్స్ ఎక్కడివని వెతుకుతాడు. రెండోది చెవికి ఇంపైన ఇంగ్లీషే, కానీ అర్థం దెబ్బతింది. కాలు లాగడమంటే ఇంగ్లీషులో ఆటపట్టించడం. నవ్వుతూ, స్నేహంగా చేసే పని. మీ సీరియల్లో భర్త ఆటపట్టించడం లేదు. అబద్ధమాడుతున్నాడు, ఆమెకు ఆ సంగతి తెలిసిపోయింది.

ఇలాంటి చోట తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. ఆ ఇల్లాలు మన వీధిలో ఉంటే ఏమనేది? 'నా చెవిలో పువ్వులు పెట్టకు' అనేది. వాళ్లకూ చెవే, మనకూ చెవే. కోపం ఎంత, చనువు ఎంత, 'నన్ను అంత తెలివితక్కువదాన్ని అనుకున్నావా' అనే రోషం ఎంత అన్నది ఆ తెలుగు మాట మీకు వెంటనే చెప్పేస్తుంది. నిఘంటువు ఇవ్వలేనిది అదే. ఆ పాళ్లు మనసులో ఉంచుకుని ఇంగ్లీషుకు వెళ్లండి. గుమ్మంలో నిలబడ్డ ఇంగ్లీషు భార్య 'డోంట్ గివ్ మీ దట్' అంటుంది. ఇంకొంచెం కటువుగా కావాలంటే 'హూ డు యు థింక్ యు ఆర్ ఫూలింగ్?' అంటుంది. ఇందులో నూడుల్స్ లేవు, కాలు లేదు, అసలు బొమ్మే లేదు. లేకపోయినా నష్టం లేదు. రష్యన్లు ఆ మాట అన్నప్పుడు వాళ్లకు నూడుల్స్ కనిపించవు. మనం చెవిలో పువ్వు అన్నప్పుడు మాత్రం మనకు మల్లెలు కనిపిస్తాయా?

సబ్‌టైటిల్‌కు రెండే వరుసలు, వరుసకు నలభై చిల్లర అక్షరాలు. ఆమె గొంతు వినబడుతూనే ఉంటుంది, ముఖం కనబడుతూనే ఉంటుంది. కాబట్టి మీ మాట ఎంత పొట్టిగా ఉంటే నటికి అంత చోటిచ్చినట్టు. మీ సీనియర్‌గారితో వాదన వస్తే 'జాతీయానికి జాతీయమే పెట్టాలి' అనే నియమం ఎక్కడా లేదని చెప్పండి. రష్యన్లు ఒక పని కోసం ఆ మాట వాడారు, ఇంగ్లీషులో ఆ పని చేసే మాట కావాలి. అది ఒక్కోసారి జాతీయమవుతుంది, చాలాసార్లు మామూలు మాటే అవుతుంది.

ప్రశ్న: జాతీయంలోని బొమ్మను వదిలేయమని మీరు తరచూ అంటారు. కానీ నేను అనువదిస్తున్న కథలో రచయిత ఆ బొమ్మతోనే ఆడుకున్నాడు. అప్పుడేం చేయాలి?
— కథానువాదకుడు, విజయవాడ

జవాబు: అప్పుడు వదలకూడదు. అనువాదకుడికి చేతినిండా పని దొరికేది ఇక్కడే, నాకు బాగా ఇష్టమైన పని కూడా ఇదే.

మీ ఉత్తరంలోని సన్నివేశం మిగతా పాఠకుల కోసం చెబుతాను. విషయం చెప్పకుండా నసుగుతున్న గుమాస్తాతో అధికారి 'నే త్యనీ కతా జా ఖ్వోస్త్' అంటాడు. పిల్లిని తోక పట్టుకుని లాగకు, అంటే నాన్చకు అని. తలుపు దగ్గర ఆడుకుంటున్న కుర్రవాడు దాన్ని విని 'ఇక్కడ పిల్లి లేదుగా' అంటాడు. ఇప్పుడు 'గెట్ టు ద పాయింట్' అని రాస్తే కుర్రవాడి మాట గాలిలో వేలాడుతుంది.

మొదటి దారి: ఇంగ్లీషులో ఇదే పనిచేస్తూ, పిల్లవాడు అపార్థం చేసుకోగల బొమ్మ ఉన్న మాట వెతకండి. 'స్టాప్ డ్రాగింగ్ యువర్ ఫీట్' ఉంది. గుమాస్తాను కుర్చీలో కూర్చోబెడితే కుర్రవాడు బల్లకిందికి తొంగిచూసి 'బట్ హి ఈజ్ సిటింగ్ డౌన్' అంటాడు. పిల్లి పోయింది, పిల్లవాడి అమాయకత్వం మిగిలింది. రచయితకు కావలసింది అదే అయితే ఇది చాలు.

కానీ మీ కథలో నాలుగు పేజీల తర్వాత నిజంగానే ఒక పిల్లి వస్తుందని రాశారు. అయితే మొదటి దారి మూసుకుపోయినట్టే. పిల్లి మొదటి పేజీలోనే ఉండాలి. అర్థం చెప్పే మాటను దాని పక్కనే నిలబెట్టండి: 'అవుట్ విత్ ఇట్, మ్యాన్, అండ్ లీవ్ ద క్యాట్స్ టెయిల్ అలోన్.' మొదటి సగం పాఠకుడికి అర్థం ఇస్తుంది, రెండో సగం పిల్లిని ఇస్తుంది. అడుగున వివరణ పెట్టే అవసరం రాదు. కథలో అధోజ్ఞాపికలు నాకు నచ్చవు. నవ్వు వచ్చే చోట పాఠకుణ్ణి పేజీ అడుగుకు పంపితే అతను తిరిగి వచ్చేసరికి నవ్వు చల్లారిపోతుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి రష్యాలో వైద్యం చదువుతున్నాడు. పరీక్షకు వెళ్తుంటే వాళ్ల ఇంటి యజమానురాలు 'నీ పూఖా నీ పెరా' అన్నదట. వీడు ధన్యవాదాలు చెబితే ఆమె కంగారుపడి, అలా కాదు, 'క్ చోర్తు' అనాలి అన్నదట. అంటే 'దయ్యం దగ్గరికి పో' అని కదా? పెద్దావిడను అలా అనవచ్చా? దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అనవచ్చమ్మా, అనే తీరాలి. అది వేటగాళ్ల మాట. 'నూగూ వద్దు, ఈకా వద్దు', అంటే నీకు వేట దొరక్కూడదు అని. మంచి జరగాలని పైకి అంటే ఏ దుష్టశక్తో విని చెడగొడుతుందని భయం. అందుకే తిరగేసి చెప్పేవారు. దానికి కృతజ్ఞత చెబితే గుట్టు రట్టయినట్టు. కనుక 'దయ్యం దగ్గరికి' అని కసిరినట్టు అనాలి. ఇప్పుడు వేటకన్నా పరీక్షల ముందే ఎక్కువగా వినబడుతుంది. దిష్టి తగులుతుందని పిల్లలను పైకి మెచ్చుకోని మన పెద్దవాళ్లకు ఆ యజమానురాలి కంగారు తేలికగానే అర్థమవుతుంది.

ఇంగ్లీషులో 'బ్రేక్ ఎ లెగ్' ఉంది. నాటకాల వాళ్ల నుంచి వచ్చి అందరి నోళ్లలోకీ వెళ్లింది. అదీ కీడు కోరినట్టు కోరుతూ మేలు చెప్పే మాటే కాబట్టి సగం కుదురుతుంది. కుదరనిది జవాబు. ఇంగ్లీషులో దానికి కట్టుబాటైన బదులు లేదు. కథలోనైతే నేను 'టు ద డెవిల్ విత్ యు' అని రాసి, పక్కన 'హి సెడ్, యాజ్ వన్ మస్ట్' అని చేరుస్తాను. 'అలా అనడం ఆనవాయితీ' అని ఆ చివరి మూడు మాటలూ చెప్పేస్తాయి, అబ్బాయి పెద్దావిడను తిట్టాడని ఎవరూ అనుకోరు.

ప్రశ్న: 'మేం మిమ్మల్ని పాతిపెడతాం' అని సోవియట్ నాయకుడు క్రుశ్చెవ్ అన్నది అసలు తప్పుడు అనువాదమని, దాంతో యుద్ధం వచ్చేంత పనైందని చదివాను. నిజమేనా? ఆయన వాడిన 'కుజ్మా తల్లి' సంగతి కూడా చెప్పండి.
— చరిత్ర అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: రెండూ వేర్వేరు సంగతులు, చాలామంది కలిపేస్తారు.

మొదటిది 1956 నవంబర్ 18న మాస్కోలోని పోలెండ్ రాయబార కార్యాలయంలో జరిగిన విందులో. పాశ్చాత్య రాయబారులు ఎదురుగా ఉండగా క్రుశ్చెవ్, చరిత్ర మా పక్షాన ఉందంటూ 'మీ వాస్ పఖరోనిమ్' అన్నారు. దుబాసీ వీక్తర్ సుహోద్రెవ్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండలేదు. యుద్ధకాలంలో చిన్నతనం లండన్‌లో గడిపినవాడు కావడంతో ఇంగ్లీషు అతనికి పుట్టుభాషలాగే ఉండేది. ఉన్నదున్నట్టు 'వుయ్ విల్ బరీ యు' అన్నాడు. నాటో దేశాల రాయబారులు లేచి వెళ్లిపోయారు. పత్రికలు దాన్ని అణుదాడి బెదిరింపులా చదివాయి.

క్రుశ్చెవ్ మనసులో ఉన్నది మార్క్స్ మాట. పెట్టుబడిదారీ వ్యవస్థ తన గోరీ తవ్వేవాళ్లను తానే తయారుచేసుకుంటుంది అన్నది. అంటే, మీరు పోయాక కూడా మేముంటాం, మీ అంత్యక్రియలు చూస్తాం అని. 1963 ఆగస్టులో యుగోస్లావియాలో ఆయనే వివరణ ఇచ్చుకున్నారు: పారతో పాతిపెడతామని కాదు, మీ కార్మికవర్గమే ఆ పని చేస్తుందని. అందువల్ల 'వుయ్ విల్ అవుట్‌లాస్ట్ యు' అని ఉండాల్సిందని నేటికీ కొందరు అంటారు. నేను ఒప్పుకోను. రష్యన్‌లో కూడా ఆ మాట మొరటుదే. అతిథులుగా వచ్చిన రాయబారుల ముఖాన అనదగిన మాట కాదు. మొరటు మాటను నున్నగా చెక్కి ఇవ్వడం దుబాసీ పని కాదు. సుహోద్రెవ్ తన పని తాను సరిగ్గానే చేశాడు.

కూజ్కా (కుజ్మా అనే పేరుకు ముద్దుపేరు) తల్లి సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. 1959 జూలై 24న మాస్కోలోని సకోల్నికి పార్కులో అమెరికా ప్రదర్శనశాల తెరిచారు. అక్కడి నమూనా వంటగది ముందు క్రుశ్చెవ్‌కూ అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్‌కూ పెద్ద వాదన జరిగింది. ఆ సందర్భంలో క్రుశ్చెవ్ 'మీకు కూజ్కినా మాత్ చూపిస్తాం' అన్నారు. దుబాసీ 'కుజ్మా తల్లిని చూపిస్తాం' అన్నాడు. ఆ తల్లి ఎవరో అమెరికన్లకు అంతుబట్టలేదు. మనం 'మూడు చెరువుల నీళ్లు తాగిస్తాం' అన్నప్పుడు అవతలివాడు ఏ మూడు చెరువులని అడగడు కదా! అదొక బెదిరింపు, అందులో కొంత బడాయి, కొంత తమాషా. 'వుయ్ విల్ షో యు ఎ థింగ్ ఆర్ టు' అంటే బెదిరింపూ ఉంటుంది, చూపిస్తాం అనే క్రియా మిగులుతుంది. నాకు ఆ క్రియ మిగలడం ముఖ్యం. ఎందుకంటే అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా వెళ్లినప్పుడు క్రుశ్చెవ్, 'మీరు ఎన్నడూ చూడనిది చూపిస్తామనే నా ఉద్దేశం' అని చెప్పుకొచ్చినట్టు సుహోద్రెవ్ తన జ్ఞాపకాల్లో రాశాడు. 1961 అక్టోబర్ 30న నోవయా జెమ్ల్యా దీవులపై సోవియట్లు పేల్చిన, దాదాపు 50 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబుకు కూడా 'కూజ్కా తల్లి' అన్న పేరే అంటుకుంది. ఆ తర్వాత ఈ మాటలో తమాషా పాలు వెతకడం ఏ అనువాదకుడికైనా కష్టమే.

ఇంతచెప్పి ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. 'దవెర్యాయ్, నో ప్రవెర్యాయ్', అంటే నమ్ము, కానీ సరిచూసుకో. రష్యా గురించి పుస్తకాలు రాసిన సుజాన్ మాసీ ఈ సామెతను అమెరికా అధ్యక్షుడు రీగన్‌కు నేర్పారు. 1987 డిసెంబర్ 8న వాషింగ్టన్‌లో క్షిపణుల ఒప్పందంపై సంతకాలు చేసేటప్పుడు ఆయన మళ్లీ ఈ మాటే అంటే, ప్రతిసారీ ఇదే అంటారని సోవియట్ నాయకుడు గోర్బచెవ్ నవ్వారు. ఇంగ్లీషులో 'ట్రస్ట్ బట్ వెరిఫై' అన్నప్పుడు ప్రాస పోయింది. అయినా పొట్టిగా, తేటగా ఉండటం వల్ల ఇంగ్లీషువాళ్లు దాన్ని తమ సామెతగానే చేసుకున్నారు. అక్షరానువాదం అన్నిసార్లూ చెడ్డది కాదు. మాటలో అపరిచితమైన వస్తువేదీ లేనప్పుడు అది దానంతటదే నిలబడుతుంది.

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. ఇంగ్లీషులో నా అనుభవాలు రాసుకుంటున్నాను. మొదటి ప్రయోగం విఫలమైనప్పుడల్లా మా సోవియట్ ఇంజనీరు 'పేర్వీ బ్లీన్ కోమమ్' అనేవారు. ఇంగ్లీషులో ఏం రాయాలి? నా దగ్గరున్న పాత మాస్కో పుస్తకంలో 'యు మస్ట్ స్పాయిల్ బిఫోర్ యు స్పిన్' అని ఉంది.
— గాజువాక పాఠకుడు

జవాబు: ఆ మాట మీ పుస్తకంలోనే ఉంచేయండి సార్. నూలు వడికే కాలం నాటి ఆ సామెతను ఇప్పుడు ఇంగ్లీషువాళ్లెవరూ అనరు. పాత నిఘంటువులు ఒకదాని నుంచి ఒకటి ఎత్తి రాసుకోవడం వల్ల బతికి ఉన్న సామెతలలో అదొకటి. 'ల్యోత్ కక్ ఇజ్ విద్రా' అనే దానికి పిల్లులూ కుక్కలూ కురిశాయని పాఠ్యపుస్తకాలు నేర్పేదీ ఇలాంటిదే. రష్యన్‌లో బకెట్‌తో కుమ్మరించినట్టు, తెలుగులో కుండపోత. బ్రిటిష్ ఇంగ్లీషులో నేటికీ 'ఇట్స్ బకెటింగ్ డౌన్' అంటారు. మూడు భాషలూ ఒక్కచోట కలిసిన అరుదైన సందర్భాన్ని వదిలేసి పిల్లుల వెంట పోవడమెందుకు?

ఇక మీ బ్లీన్. అది పలుచటి రష్యన్ అట్టు. మొదటిది పెనానికి అంటుకుని ముద్దవుతుంది. మన ఇళ్లలో మొదటి దోసె సంగతి మీకు తెలుసు. పెనం ఇంకా కుదురుకోలేదని చెప్పి రెండోది పోస్తారు. ఆ ఇంజనీరు మాటలో ఉన్నది అదే ఓదార్పు. కొందరు దీనికి 'ప్రాక్టీస్ మేక్స్ పర్ఫెక్ట్' అని పెడతారు. అది నీతిబోధ, ఇక్కడ అతకదు. విఫలమైన యంత్రం ముందు, చెమటలు కక్కుతున్న మనుషులతో అనే మాట నీతిలా ఉండకూడదు. ఇంగ్లీషువాళ్ల ఇళ్లలోనూ అట్లు పోస్తారు గనుక 'ద ఫస్ట్ పాన్‌కేక్ ఈజ్ ఆల్వేస్ ఎ మెస్' అని రాయండి. ఆయన మాట ఆయన నోట్లోనే ఉంటుంది, చదివేవాడికీ అర్థమవుతుంది. 'యాజ్ ద రష్యన్స్ సే' అని కూడా చేర్చకండి. మాట్లాడుతున్నవాడు రష్యనని మీ పాఠకుడికి తెలుసు.

ప్రశ్న: 'తూలాకు సొంత సమోవార్ పట్టుకెళ్లడం' అనే దానికి 'న్యూకాసిల్‌కు బొగ్గు' అని రాస్తే తప్పా?
— రష్యన్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఒక వస్తువు పుష్కలంగా దొరికే చోటికే దాన్ని మోసుకెళ్లడమని రెండింటికీ అర్థం; న్యూకాసిల్ బొగ్గుకు పేరుపడ్డ ఇంగ్లండు ఊరు. కాబట్టి అర్థం తప్పు కాదు, మాట్లాడే పాత్ర తప్పుతుంది. తూలా మాస్కోకు దక్షిణాన దాదాపు 190 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. 19వ శతాబ్దంలో టీకి నీళ్లు కాచే సమోవార్ల తయారీకి పేరుమోసింది. కథలోని రష్యన్ ముసలమ్మ న్యూకాసిల్ అనగానే ఆమె ఇల్లు ఇంగ్లండుకు తరలిపోతుంది. వ్యాపార లేఖలోనైతే న్యూకాసిల్ బాగానే ఉంటుంది. కథలో సమోవార్‌నే తూలాకు పంపండి. న్యూకాసిల్ సామెత తెలిసిన ఇంగ్లీషు పాఠకుడికి వాక్యం పోకడే దారి చూపిస్తుంది.

చరిత్రతో ముడిపడినవి ఇంతకన్నా కష్టం. 'వోత్ తెబే, బాబుష్కా, ఈ యూర్యెవ్ దేన్', అంటే 'ఇదుగోనమ్మా అవ్వా, నీ యూరి పండగ'. 1497 నాటి చట్టం ప్రకారం నవంబర్ 26న వచ్చే ఆ పండగకు ముందు వారం, తర్వాత వారం మాత్రమే రైతు ఒక భూస్వామిని విడిచి మరొకరి దగ్గరికి వెళ్లవచ్చు. 16వ శతాబ్దం చివర్లో ఆ హక్కూ తీసేశారు. ఎదురుచూసిన రోజు చేతికందకుండా పోయిన రైతుల ఉసూరు ఈ మాటలో ఉంది. ఇవాళ రైలు రద్దయినా ఇదే అంటారు. రైలు గురించైతే 'సో మచ్ ఫర్ దట్' చాలు. రైతుల గురించి రాసిన చారిత్రక నవలలోనైతే చాలదు. అక్కడ అవ్వనూ పండగనూ ఉంచి, ఆ హక్కు పోయిన సంగతి చుట్టుపక్కల వాక్యాల్లో తెలిసేలా చేయాలి.

ప్రశ్న: 'సెద్మాయా వదా నా కిసెలే' అంటే?
— పాఠకురాలు, వరంగల్

జవాబు: గంజిలా చిక్కగా చేసే పానీయం కిసేల్. దానిమీద ఏడోసారి పోసిన నీళ్లు. అంటే రుచి మిగలనంత పలుచబడ్డ చుట్టరికం. మన వేలువిడిచిన మేనమామకు ఇంకా అవతలివాడు. ఇంగ్లీషులో 'సమ్ సార్ట్ ఆఫ్ డిస్టెంట్ కజిన్' అని, ఆ 'సమ్ సార్ట్' మీద ఒత్తు పెట్టండి.

ప్రశ్న: ఏ నిఘంటువు కొనాలి? ఎలా సాధన చేయాలి? 'రూకి నే దఖోద్యత్' వంటివి ఎక్కడా దొరకడం లేదు.
— కొత్త అనువాదకురాలు, తిరుపతి

జవాబు: సోఫియా లుబెన్‌స్కీ రూపొందించిన రష్యన్-ఇంగ్లీషు జాతీయాల నిఘంటువు కొనండి. 1995లో మొదట వచ్చింది, సవరించిన ముద్రణను 2013లో యేల్ విశ్వవిద్యాలయం వేసింది. అందులో ఒక్కో జాతీయానికి ఎన్నో ఇంగ్లీషు మాటలు వరుసగా ఉంటాయి. వాటిలో మొదటిది ఎత్తుకుని పరుగెత్తకండి, కిందున్న సాహిత్య ఉదాహరణలు చదవండి. సామెతలకు వ్లదీమిర్ దాల్ 1862లో వెలువరించిన సంకలనం ఉంది. అందులో ముప్పై వేలకు పైగా ఉన్నాయి. కానీ వాటిలో ఏవి ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయో ఆ పుస్తకం చెప్పదు. అందుకు 2004 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉన్న రష్యన్ నేషనల్ కార్పస్ చూడాలి; రష్యన్‌లో వాడుకలో ఉన్న వాక్యాలను పోగుచేసిన వాచకనిధి అది. జాతీయం టైపు చేస్తే అది వచ్చిన వాక్యాలు వరుసగా కనిపిస్తాయి. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో గమనించండి.

మీరడిగినదే తీసుకోండి. 'చేతులు అక్కడిదాకా వెళ్లడం లేదు' అని అక్షరార్థం. ఉక్కు కర్మాగారంలో ఇది రోజూ వినేదాన్ని. ఫలానా పటం ఎందుకు చూడలేదని అడిగితే ఇంజనీర్లు ఇదే అనేవారు. చేతకాక కాదు, ఇష్టంలేక కాదు, వరుసలో దాని వంతు రాలేదని. 'తీరిక చిక్కలేదు' అన్నట్టు. 'ఐ హ్యావ్ నో టైమ్' అంటే ఆ చూడవలసిన పని తనదేనన్న ఒప్పుకోలు పోతుంది. 'ఐ హావెంట్ గాట్ రౌండ్ టు ఇట్' అంటే ఉంటుంది. వాచకనిధిలో ఈ మాటకు దొరికే వాక్యాలు ఒక పదీ పదిహేను తీసి, అన్నింటికీ ఈ ఇంగ్లీషు మాట పెట్టి చూడండి. ఎక్కడ అతకలేదో ఆ వాక్యాలు నాకు రాసి పంపండి.